తిండి మార్చినా, బరువు తగ్గినా తొడల మీద గుంటలు ఎందుకు పోవు?

ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క ప్రశ్న మీద. కల్హేర్ నుంచి ఒక చెల్లె వాయిస్ మెసేజ్ పంపింది. పేరు చెప్పొద్దన్నది, చెప్పను. కానీ ఆమె అడిగింది ఆమె మాటల్లోనే వినిపిస్తాను, ఎందుకంటే ఇదే సంగతిని చాలామంది చాలా మొహమాటంగా, అటు తిప్పి ఇటు తిప్పి అడుగుతుంటారు. ఈమె సూటిగా అడిగింది.

"అక్కా, నాకు ముప్పై నాలుగేండ్లు. ఇద్దరు పిల్లలు. ఏడాది సంది నూనె తగ్గించిన, చక్కెర బంద్ చేసిన. రాత్రికి ఒక జొన్నరొట్టె, ఆకుకూర, అంతే. పొద్దుగాల నడుస్త. పత్తి చేన్ల పని ఎట్లనూ ఉండనే ఉంటది. తొమ్మిది కిలోలు తగ్గిన. కడుపు తగ్గింది, చేతులు తగ్గినయి. తొడల మీద, ఎనక దిక్కు గుంటలు గుంటలుగ ఉన్నది మాత్రం పోతలేదు. ముందుకంటే ఎక్కువ కనిపిస్తున్నట్టే ఉన్నది. పట్నంల ఒక క్లినిక్ ల అడిగితే పన్నెండు సిట్టింగులు కావాలన్నరు. డబ్బుల్లేక, ఇప్పుడు పొద్దటి తిండి కూడ బంద్ చేసిన. నేనేం తప్పు చేస్తున్న?"

ముందు జవాబు చెప్పేస్తాను, వివరం తర్వాత. చెల్లే, నువ్వు ఏ తప్పూ చేయలేదు, ఆ చివర చెప్పిన ఒక్కటి తప్ప. రేపు పొద్దున్నుంచి మళ్ళీ తిను. ఎందుకంటే ఆ గుంటలకూ నువ్వు తినే తిండికీ ఉన్న సంబంధం నువ్వు అనుకుంటున్నంత లేదు. అవి కొవ్వు ఎక్కువై వచ్చినవి కావు. చర్మం కింద కొవ్వును పట్టి ఉంచే దారాల వల్ల వచ్చినవి. తిండి తగ్గిస్తే కొవ్వు తగ్గుతుంది, దారాలు తగ్గవు. మొత్తం సంగతి ఇదే, ఇక మెల్లగా విప్పి చెప్పుకుందాం.

దీన్ని సెల్యులైట్ అంటారు. మా నారాయణఖేడ్ వైపు దీనికి వేరే పేరు పెట్టి పిలవడం నేనెప్పుడూ వినలేదు. బొల్లికి పేరుంది, గజ్జికి పేరుంది, పులిపిరికి పేరుంది. దీనికి లేదు. అంటే ఆడవాళ్ళకు ఇది లేదని కాదు. ఎవరూ దీన్ని ఒక జబ్బుగా లెక్కపెట్టలేదని.

ఇక్కడే ఒక జాగ్రత్త. నెట్ లో వెతికేటప్పుడు సెల్యులైట్, సెల్యులైటిస్ అని రెండు మాటలు కనిపిస్తాయి. రెండూ ఒకటి కావు. సెల్యులైటిస్ అంటే చర్మం లోపలి పొరల్లోకి బ్యాక్టీరియా చేరి వచ్చే ఇన్ఫెక్షన్. కాలు ఎర్రబడుతుంది, ముట్టుకుంటే వేడిగా ఉంటుంది, వాపు, నొప్పి, ఒక్కోసారి చలిజ్వరం. చేనులో ముల్లు గుచ్చుకున్నచోట, కాలి వేళ్ళ సందుల్లో ఒరిసినచోట, బోదకాలు ఉన్న కాలుకు, షుగర్ ఉన్నవాళ్ళకు తొందరగా వస్తుంది. గంటల్లో పాకుతుంది. దానికి అదే రోజు డాక్టర్ దగ్గరికి పోవాలి, యాంటీబయాటిక్ పడాలి. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి రావచ్చు. మనం మాట్లాడుకునే సెల్యులైట్ కు నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, ఎరుపు ఉండదు. కంటికి కనిపించడం తప్ప అది చేసే హాని ఏమీ లేదు. ఒక్క అక్షరం తేడాతో ఒకటి ఎమర్జెన్సీ, ఇంకొకటి అసలు జబ్బే కాదు. మీ ఇంట్లో చదువుకునే పిల్లలు ఫోన్ లో వెతికిపెడితే ఈ తేడా వాళ్ళకు కూడా చెప్పండి.

సరే, ఇప్పుడు చర్మం లోపలికి పోదాం.

మీ అందరికీ దూది పరుపు తెలుసు. దూది నింపాక పరుపును ఊరికే వదిలేయరు కదా. పెద్ద సూదితో పై గుడ్డ నుంచి కింది గుడ్డకు దారం గుచ్చి, అక్కడక్కడ బిగించి ముడి వేస్తారు. దూది ఒకే మూలకు జరిగిపోకుండా. ముడి పడ్డ ప్రతిచోట గుంట ఉంటుంది, చుట్టూ దూది ఉబ్బి ఉంటుంది. (చేత్తో చూపిస్తూ) ఇట్లా. తొడ మీద చర్మం కింద ఉన్నది అచ్చం ఇదే ఏర్పాటు. పైన చర్మం, కింద కండ మీద గట్టి పొర, మధ్యలో కొవ్వు. పై చర్మాన్ని కింది పొరకు కట్టి ఉంచే దారాలు కొల్లాజెన్ తో అయినవి. దారాల మధ్య గదులు గదులుగా కొవ్వు ఉంటుంది. దారం లాగినచోట గుంట, కొవ్వు పైకి తోసినచోట ఉబ్బు. డాక్టర్లు కూడా దీన్ని పరుపుతోనే పోలుస్తారు.

మరి మగవాళ్ళకు ఎందుకు కనిపించదు? వాళ్ళకూ కొవ్వు ఉంది, వాళ్ళకూ దారాలున్నాయి. కానీ మగవాళ్ళలో ఎక్కువమందికి ఆ దారాలు అడ్డదిడ్డంగా, ఒకదాన్నొకటి దాటుకుంటూ, నులక మంచం అల్లినట్టు ఉంటాయి. గదులు చిన్నవి. చర్మం కూడా మందం. లోపలి కొవ్వు పైకి తోసుకురావడానికి దారి దొరకదు. ఆడవాళ్ళలో దారాలు ఎక్కువగా నిట్టనిలువుగా ఉంటాయి, గదులు పెద్దవి, చర్మం పలుచన. కాబట్టి పైకి తోసుకొస్తుంది. ఈ తేడాను మొదట గట్టిగా చూపించింది ఇద్దరు జర్మన్ వైద్యులు, నూర్న్‌బర్గర్, ముల్లర్. 1978లో వాళ్ళ వ్యాసం వచ్చింది. తర్వాత ఎమ్మారై స్కాన్ లతో చూసినవాళ్ళకు లోపలి అల్లిక ఇంకాస్త చిక్కుగా కనిపించింది గానీ, ఆడవాళ్ళలో నిలువు దారాలు ఎక్కువన్న సంగతి మాత్రం మారలేదు.

ఇది హార్మోన్ల పని అనడానికి ఒక రుజువు ఉంది. పుట్టుకతోనో, జబ్బు వల్లనో మగ హార్మోన్ తక్కువగా ఉన్న మగవాళ్ళకు ఇవే గుంటలు వస్తాయి. ప్రోస్టేట్ క్యాన్సర్ కు ఆడ హార్మోన్ ఇచ్చి చికిత్స చేసిన మగవాళ్ళలోనూ కనిపించాయి. వాళ్ళేమీ మిర్చి బజ్జీలు ఎక్కువ తిని తెచ్చుకోలేదు.

ఇంతకీ ఎంతమందికి ఉంటుంది? ఈడు వచ్చిన ఆడవాళ్ళలో నూటికి 80 నుంచి 90 మందికి ఎంతో కొంత ఉంటుందని చర్మవైద్యుల పుస్తకాలు చెప్పే మాట. బక్కగా ఉన్నవాళ్ళకూ, ఆటలాడే వాళ్ళకూ, సినిమా వాళ్ళకూ. ఫోటోలో కనిపించకపోవడం వేరే సంగతి. నూటికి 90 మందికి ఉన్నదాన్ని లోపం అనాలా, ఆడ శరీరం అల్లిక అనాలా మీరే చెప్పండి. నేనైతే అల్లిక అనే అంటాను.

మరి ఇంత మామూలు సంగతి జబ్బు ఎట్లా అయింది? ఈ ముచ్చట నాకు చాలా ఇష్టం, రెండు నిమిషాలు తీసుకుంటాను. సెల్యులైట్ అన్న మాట ఫ్రాన్స్ లో పుట్టింది. 1873 నాటి ఒక ఫ్రెంచ్ వైద్య నిఘంటువులో ఉంది, కానీ అప్పుడు దాని అర్థం వాపు, ఇన్ఫెక్షన్ లాంటిది. 1920లు, 30లలో పారిస్ లోని అందాల పత్రికలు, మసాజ్ సెలూన్ లు ఆ మాటను తీసుకుని ఆడవాళ్ళ తొడలకు అంటించాయి. 1968లో అమెరికాలో వోగ్ పత్రిక దాని మీద వ్యాసం వేసింది. 1973లో న్యూయార్క్ లో బ్యూటీ సెలూన్ నడిపిన నికోల్ రోన్సార్డ్ దీని మీదే పుస్తకం రాసింది. అప్పటిదాకా అమెరికా ఆడవాళ్ళలో చాలామందికి తమకు అట్లాంటిది ఒకటి ఉందని కూడా తెలియదు. ఐదేళ్ళు తిరక్కుండానే ఆ జర్మన్ డాక్టర్లు తమ వ్యాసం శీర్షికలోనే దీన్ని కనిపెట్టిన రోగం అన్నారు. అంటే మందు అమ్ముకోవడానికి కల్పించిన రోగం అన్నమాట. అయినా క్రీముల వ్యాపారం ఆగలేదు. చీరకట్టు ఉన్నన్నాళ్ళు మన దగ్గర ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు ఫోన్ వచ్చింది, రీల్స్ వచ్చాయి, ఫిల్టర్ పెట్టి నునుపు చేసిన కాళ్ళు పొద్దస్తమానం కళ్ళ ముందు తిరుగుతున్నాయి. కల్హేర్ కూ వచ్చేసింది.

ఇప్పుడు చెల్లె అసలు ప్రశ్నకు వద్దాం. తొమ్మిది కిలోలు తగ్గితే ఎందుకు పోలేదు, పైగా ఎందుకు ఎక్కువైనట్టుంది?

మళ్ళీ పరుపు దగ్గరికే పోదాం. పరుపులోంచి కొంత దూది తీసేశారనుకోండి. ఉబ్బు కొంచెం దిగుతుంది, నిజమే. కానీ దారం అట్లాగే ఉంది, ముడి అట్లాగే ఉంది. పైగా లోపల దూది తగ్గేసరికి పై గుడ్డ వదులై ముడతలు పడుతుంది. శరీరంలోనూ అంతే. బాగా లావుగా ఉన్నవాళ్ళు ఎక్కువ బరువు తగ్గితే గుంటలు కొంత తగ్గొచ్చు. కొద్దిపాటి లావున్న వాళ్ళు కొంచెం తగ్గితే, చర్మం వదులై, ఉన్న గుంటలే ఇంకా బాగా కనిపించొచ్చు. 2006లో అచ్చంగా దీన్నే పరీక్షించిన ఒక అధ్యయనం వచ్చింది. డాక్టర్ల పర్యవేక్షణలో బరువు తగ్గిన ఆడవాళ్ళ తొడలను ముందూ తర్వాతా కొలిచి చూశారు. ఎక్కువమందికి కొంత మెరుగైంది, కొందరికి ముందుకంటే అధ్వాన్నమైంది. అధ్వాన్నమైన వాళ్ళలో చర్మం వదులు కావడం కనిపించింది. కాబట్టి చెల్లే, ఎక్కువ కనిపిస్తున్నది అని నువ్వన్నది నీ భ్రమ కాదు. అట్లా కావచ్చు. నీ తిండి ఫెయిల్ కాలేదు, బరువు తగ్గింది గదా. అది వేరే పని, ఇది వేరే పని.

ఇంకొక కారణం. శరీరంలో కొవ్వు అంతా ఒకేలా కరగదు. కొవ్వు కణాల మీద రెండు రకాల స్విచ్చులు ఉంటాయనుకోండి. ఒకటి నొక్కితే కరుగు అని, ఇంకొకటి నొక్కితే ఆగు అని. ఆడవాళ్ళ తొడలు, పిరుదుల దగ్గరి కణాల మీద ఆగు అనే స్విచ్చులు ఎక్కువ. అందుకే ముందు మొహం తగ్గుతుంది, చేతులు తగ్గుతాయి, పొట్ట తగ్గుతుంది, తొడ ఆఖరుకు. నలుగురూ చూసి "ఏందమ్మా, మొహం గుంజుకపోయింది, పానం బాగలేదా" అని అడుగుతుంటారు, మనమేమో ఇంట్లో తొడ చూసుకుని బాధపడుతుంటాం. ఆ కొవ్వును శరీరం అంత గట్టిగా పట్టుకోవడానికి కారణం ఉంది. బిడ్డకు పాలిచ్చే నెలల్లో అక్కడి నుంచి కొవ్వు సులభంగా బయటికి వస్తుంది. అంటే అది పిల్లల కోసం దాచిన గాదె.

ఇక వ్యాయామం. "తొడలకు ప్రత్యేకంగా గుంజీలు తీస్తే అక్కడి కొవ్వు పోతుందా?" అని కామెంట్లలో ప్రతిసారీ అడుగుతారు. పోదు. కండ పనిచేస్తే ఆ కండ బలపడుతుంది, కానీ దానికి కావలసిన కొవ్వు రక్తంలో ఒళ్ళంతటి నుంచి వస్తుంది, పక్కనే ఉన్న కొవ్వు నుంచే రావాలని లేదు. అట్లా అయ్యేటట్టయితే మన కల్హేర్ చుట్టుపక్కల కలుపు తీసే, నాట్లు వేసే, పత్తి ఏరే ఆడవాళ్ళ తొడల మీద గుంటన్నదే ఉండకూడదు. రోజుకు ఎనిమిది గంటలు వంగి, కూర్చుని, లేచి పనిచేసే వాళ్ళకంటే జిమ్ కు పోయేవాళ్ళు ఎక్కువేం చేస్తారు? వాళ్ళకూ ఉంటాయి. కాకపోతే కింద కండ నిండుగా ఉంటే పైన చర్మం కొంచెం బిగువుగా కనిపిస్తుంది. కూర్చుని లేవడం, మెట్లెక్కడం, బరువు ఎత్తడం వల్ల ఆ మేరకు లాభం ఉంటుంది. గుంట పూర్తిగా పోతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

వయసు సంగతి కూడా ఉంది. ముప్పై దాటాక, కాన్పుల తర్వాత, ముట్లు ఆగాక చర్మంలో కొల్లాజెన్ తగ్గుతూ వస్తుంది. పై గుడ్డ పలచబడితే లోపలి ఎగుడుదిగుడు కనిపించదా? తల్లికి ఉంటే బిడ్డకు ఉండే అవకాశం ఎక్కువ. వీటిలో ఏదీ జొన్నరొట్టె మార్చగలిగేది కాదు.

ఇంకా ఒక చిన్న విషయం. డాక్టర్లు దీన్ని మెట్లుగా చూస్తారు. గిల్లి పట్టుకుంటేనే గుంటలు కనిపిస్తే మొదటి మెట్టు. నిలబడినప్పుడు కనిపించి పడుకుంటే పోతే రెండోది. పడుకున్నా కనిపిస్తే మూడోది. నెత్తి మీద ట్యూబులైటు పెట్టుకుని అద్దంలో చూసుకుంటే ఎవరికైనా ఒక మెట్టు ఎక్కువే కనిపిస్తుంది, నీడ పడుతుంది కాబట్టి. ప్రకటనల్లో ముందు ఫోటో ఎప్పుడూ నిలబడి, పై లైటులో, తర్వాతి ఫోటో ఎదురు లైటులో ఎందుకుంటుందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

సరే, పన్నెండు సిట్టింగుల సంగతి. ఆ క్లినిక్ ఎవరిదో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. చికిత్సల సంగతి మాత్రం చెబుతాను. గాలితో చర్మాన్ని లాగి రుద్దే యంత్రాలు, మసాజ్, చుట్టుకునే పట్టీలు, ఇవన్నీ కాసేపు నీరు పక్కకు తోసి, కొంచెం వాపు తెప్పించి చర్మాన్ని నునుపుగా చూపిస్తాయి. ఆ ప్రభావం కొన్నాళ్ళే, మళ్ళీ మొదటికి. కాఫీలోని కెఫీన్ కలిపిన క్రీములదీ దాదాపు అదే దారి. రెటినాల్ క్రీము నెలల తరబడి రాస్తే చర్మం కొద్దిగా మందమై స్వల్పంగా తేడా రావొచ్చు, గర్భంతో ఉన్నవాళ్ళు అది వాడకూడదు. కొల్లాజెన్ పొడి డబ్బాలు చాలా అమ్ముతున్నారు. కడుపులోకి పోయాక అది కూడా పప్పు లాగా, గుడ్డు లాగా ముక్కలై అరిగిపోయే ప్రోటీనే. అది నేరుగా వెళ్ళి తొడ దగ్గర చర్మానికి అతుక్కోదు. "విషాలు బయటికి పంపి గుంటలు తీసేస్తాం" అనే కషాయాల గురించి ఒకటే మాట, ఆ గుంటల్లో విషం ఏమీ లేదు, మామూలు కొవ్వే ఉంది. లైపోసక్షన్ తో కొవ్వు లాగేస్తే పోతుందనుకుంటారు. అది ఒంటి ఆకారం కోసం చేసేది, గుంటల కోసం కాదు, కొన్నిసార్లు ఎగుడుదిగుడు ఇంకా పెరుగుతుంది.

నిజంగా కాస్త పనిచేసేవి దారాన్ని తెంపేవే. అది అర్థం చేసుకోవడం తేలికే, గుంటకు కారణం దారం కాబట్టి. చర్మం కింద సన్నని బ్లేడుతో ఆ దారాలు కోసే సెల్ఫినా అనే పద్ధతికి 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది. దారాలను కరిగించే ఎంజైము ఇంజెక్షన్, క్వో అనేది, 2020 జులైలో ఆమోదం పొందింది. తయారుచేసిన కంపెనీయే 2022 డిసెంబరులో దాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. కారణం ఏమిటంటే విపరీతంగా కమిలిపోవడం, చర్మం రంగు చాలాకాలం మారిపోయి ఉండే ప్రమాదం. చామనఛాయ, నలుపు ఒంటికి మచ్చ పడితే ఎంత కాలం పోకుండా ఉంటుందో మనకు వేరే చెప్పాలా? దోమ కుట్టి గోక్కున్న మచ్చే నెలల తరబడి ఉంటుంది. హాని చేయని గుంట తీయించుకోబోయి నల్ల మచ్చ తెచ్చుకున్నట్టవుతుంది. అయినా చేయించుకోవాలనుకుంటే అది మీ ఇష్టం, మీ డబ్బు. కాకపోతే చర్మవైద్యంలో డిగ్రీ ఉన్న డాక్టర్ దగ్గర, ఏ పద్ధతి, ఎన్నాళ్ళు ఉంటుంది, మచ్చ పడితే ఏం చేస్తారు, ఈ మూడు అడిగి, కాగితం మీద రాయించుకుని అప్పుడు ముందుకు వెళ్ళండి.

ఇప్పుడు నాకు అసలు భయం ఉన్న సంగతి. ఆ గుంటల కోసం పొద్దటి తిండి మానేయడం.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తం తక్కువ. సగం కంటే ఎక్కువ. ఎండలో చేను పనిచేసే మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, తొమ్మిది కిలోలు తగ్గింది, రాత్రి ఒక్క రొట్టె, పొద్దున ఖాళీ కడుపు. కళ్ళు తిరుగుతున్నాయా, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా, జుట్టు రాలుతోందా, చెల్లే, ఇవి అడగాలని ఉంది నిన్ను. సర్కారు దవాఖానలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకో. గర్భంతో లేని ఆడవాళ్ళకు 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత కింద లెక్క. తిండి మరీ తగ్గించి బరువు తగ్గితే పోయేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా పోతుంది. ఇందాక చెప్పాను కదా, కండ నిండుగా ఉంటేనే చర్మం బిగువుగా కనిపిస్తుందని. అంటే తిండి మానేస్తే నువ్వు కోరుకున్న దానికే ఎదురు.

జొన్నరొట్టె మంచిదే. జహీరాబాద్, నారాయణఖేడ్ నేలల్లో తరతరాలుగా పండించి తింటున్న తిండి అది. కానీ రొట్టె, ఆకుకూర మాత్రమే సరిపోవు. కందిపప్పు, పెసలు, గుడ్డు, పెరుగు, పల్లీలు, వీటిలో రోజుకు రెండు మూడైనా పడాలి. పప్పులో, ఆకుకూరలో నిమ్మకాయ పిండితే అందులో ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే పడదు. ఇది వినగానే సగం మంది ఎపిసోడ్ ఆపేస్తారని నాకు తెలుసు, కానీ నిజం అది.

మరి నా తిండి, నా నడక పనిచేస్తున్నాయా లేదా అని ఎట్లా తెలుసుకోవాలి? తొడ చూసి కాదు, నడుము కొలిచి. ఇది మన జాతి వాళ్ళకు చాలా ముఖ్యం. 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫోటో వచ్చింది. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్, ఇద్దరు స్నేహితులు పక్కపక్కన నిలబడి ఉంటారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్క, అదే బీఎంఐ, ఇద్దరికీ 22.3. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్ కు 9.1 శాతం, యాజ్ఞిక్ కు 21.2 శాతం. మన వాళ్ళు బక్కగా కనిపించినా లోపల కొవ్వు ఎక్కువ, అదీ పొట్ట దగ్గర. షుగర్ కు, గుండెజబ్బుకు దారితీసేది ఆ పొట్ట కొవ్వు. తొడ, పిరుదుల కొవ్వు అట్లాంటిది కాదు. పొట్టకంటే అక్కడ కొవ్వు ఉన్నవాళ్ళకు షుగర్, గుండెజబ్బు ముప్పు తక్కువగా ఉన్నట్టే పరిశోధనల్లో కనిపిస్తోంది. బొడ్డు మీదుగా టేపు పెట్టి కొలవండి. మన ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకు 90 దాటకూడదు. కల్హేర్ చెల్లెకు పొట్ట తగ్గింది. అంటే తగ్గవలసిన కొవ్వు తగ్గింది. ఏడాది కష్టానికి ఫలితం వచ్చింది, ఆమె వేరే చోట వెతుకుతోంది, అంతే.

చివరగా, ఇవి మామూలు గుంటలు కావేమో అని ఎప్పుడు అనుమానించాలి? రెండు కాళ్ళూ నడుము నుంచి చీలమండ దాకా సమానంగా లావై, పాదాలు మాత్రం సన్నగా ఉండి, ముట్టుకుంటే నొప్పి, చిన్న దెబ్బకే కమిలిపోవడం, పైభాగం తగ్గినా కాళ్ళు అసలు తగ్గకపోవడం, ఇవి ఉంటే అది లైపిడిమా అనే జబ్బు కావచ్చు. 1940లో మేయో క్లినిక్ డాక్టర్లు అలెన్, హైన్స్ దీన్ని వర్ణించారు. ఇన్నేళ్ళయినా చాలామంది డాక్టర్లు దీన్ని లావు అని పొరబడి, "తిండి తగ్గించు తల్లీ" అని పంపేస్తారు. అట్లాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి పస్తులుండి కూడా తిట్లు తింటుంటారు. ఒకే కాలు వాచి, పాదం మీద కూడా వాపు వచ్చి ఉంటే అది బోదకాలు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఒక కాలు అకస్మాత్తుగా వాచి పిక్కలో నొప్పి వస్తే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆ రోజే చూపించుకోవాలి. మొహం, కాళ్ళు ఉబ్బి, ఊరికే అలసట, బరువు పెరగడం ఉంటే థైరాయిడ్ పరీక్ష. వీటికి నారాయణఖేడ్ ఏరియా ఆసుపత్రిలో మొదట చూపించుకోండి, అక్కడి నుంచి అవసరమైతే వాళ్ళే పంపిస్తారు. నొప్పి లేదు, వాపు లేదు, రెండు తొడల మీదా గుంటలు మాత్రమే ఉన్నాయి అంటే, వాటికి డాక్టర్ అవసరం లేదు.

చెల్లే, హిమోగ్లోబిన్ రిపోర్టు వచ్చాక ఎంత ఉందో మళ్ళీ వాయిస్ మెసేజ్ పెట్టు. తక్కువ ఉంటే ఏ తిండి, ఏ మాత్ర, ఎన్ని నెలలు అనేది వచ్చే ఎపిసోడ్ లో చెబుతాను.